గంటసేపు కదలకుండా

"ముందు మీరు ఆ బెంచీ మీద కూర్చోండి. గంటసేపు కాలు కదపకూడదు. అలాగుంటేనే పిల్లని చేర్చుకుంటానండి" అంది ముత్యాలు.

కృపారావుకి ఒళ్ళు మండిపోయింది. డెబ్బై ఏళ్ళవాడితో మాట్లాడే తీరేనా ఇది? అమలాపురం దసరా ఊరేగింపులో కర్ర తిప్పినంత మాత్రాన ఇంత పొగరా?

కానీ గతిలేదు. తొమ్మిదేళ్ళ మనవరాలు నిఖితకి కుదురు లేదని ఇప్పటికి మూడు బళ్ళు పంపించేశాయి. నాలుగోది నెలాఖరు వరకే గడువిచ్చింది. ఇది ఏడీహెచ్‌డీ అని, ఒళ్ళూ బుర్రా కలిసి పనిచేసే ఆటేదైనా నేర్పించి చూడమని డాక్టరుగారు చెప్పారు. చుట్టుపక్కల ఆడపిల్లలకి కర్రసాము నేర్పేది ఈవిడొక్కతే.

పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాడు.

ముత్యాలు నిఖిత చేతికి కర్ర ఇచ్చింది. తను అంకె చెబుతుంది. సరి సంఖ్యయితే కర్ర కుడికి తిప్పాలి, బేసి అయితే ఎడమకి. ఏడో ఎక్కంలోదైతే తిప్పుతూ ఎగరాలి.

"పద్దెనిమిది! ఇరవై మూడు! ముప్ఫై అయిదు!"

నిఖిత ఎగిరింది. గేటు దగ్గర కుక్క మొరిగినా తల తిప్పలేదు. ఆ పిల్ల ఒక పని మీద అరగంట నిలవడం కృపారావు ఏనాడూ చూడలేదు. కళ్ళు చెమర్చాయి. అంతలో దోమ కుట్టింది. పాదం విదిలించాడు.

"కదిలేరు. పిల్లని తీసుకెళ్ళిపోండి."

"దోమ కుట్టిందమ్మా!"

"ఆయ్. దోమలు పిల్లల్నీ కుడతాయండి."

"ఈ ఒక్కసారికీ చూడమ్మా." దారిలో నలుగురూ దణ్ణం పెట్టే మనిషి, చేతులు జోడించాడు.

ముత్యాలు లోపలికి వెళ్ళి కొబ్బరితాడు తెచ్చి అతని ఒళ్ళో పడేసింది.

"అయితే ఆ కాలు బెంచీకి కట్టేసుకోండి."

"నేనేమన్నా పశువునా?"

"కట్టుకుంటారా, వెళ్తారా?"

నిఖిత బిక్కమొహం వేసుకుని తాత వైపే చూస్తోంది. ఇక్కడినుంచి కూడా పంపించేస్తే పిల్లకి ఇంకో దారి లేదు. కృపారావు అవమానం దిగమింగి వంగాడు. చీలమండ చుట్టూ రెండు చుట్లు, కిందనుంచి ఒక మెలిక, ఆపైన బిగింపు. చేతులు వాటంతటవే కట్టేశాయి.

ముత్యాలు అక్కడే గొంతుక్కూర్చుని ఆ ముడినే చాలాసేపు చూసింది.

"మూడో క్లాసులో కుదురుగా ఉండట్లేదని మీరు నా కాలికి కట్టింది కూడా ఈ ముడేనండి, మాస్టారూ."