మూడో కంప్యూటర్ తిక్క

లైబ్రేరియన్ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి మళ్ళీ అదే గోల.

గ్రంథాలయంలో మూడో కంప్యూటర్ తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యి కూర్చున్నాయి. ఉద్యోగానికి దరఖాస్తు నింపుతున్న అమ్మాయికి, అడుగున ఉండాల్సిన బటన్ తెర దాటిపోయి కనబడటం లేదు.

"మేడమ్, ఇవాళే ఆఖరు రోజు!"

లైబ్రేరియన్ పరుగున వచ్చి తెర రిజల్యూషన్ సరిచేసి, అక్షరాలను మామూలు సైజుకు తెచ్చింది. అమ్మాయి గట్టెక్కింది. లైబ్రేరియన్ గండం మాత్రం అలాగే ఉంది.

"విండోస్ బదులు ఊరికే వస్తుందని ఈ లైనక్స్ పెట్టించావు. ఈ వారంలో దారికి రాకపోతే కంప్యూటర్లన్నీ వెనక్కి పంపేస్తాను," అన్నాడు ఆమె పైఅధికారి, పెద్దసారు.

ఆ కంప్యూటర్లు తెప్పించడానికి ఆమె కాళ్ళరిగేలా తిరిగింది మరి! కేబుల్ మార్చింది. తెరను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ ఎక్కించింది. పక్క మానిటర్ తెచ్చి తగిలించింది. ఉదయమంతా బుద్ధిగా ఉండే తెర మధ్యాహ్నానికి మొదటికొచ్చేది.

మర్నాడు భోజనానికి వెళ్ళినట్టే వెళ్ళి, బీరువా చాటున నిలబడింది.

రోజూ హాల్లో కూర్చునే పెద్దాయన మెల్లగా వచ్చాడు. తెరకు ముక్కు ఆనించి, తడుముకుంటూ సెట్టింగ్స్ తెరిచి రిజల్యూషన్ తగ్గించాడు. అక్షరాలు పెద్దవయ్యాయి. వాటిని చూసి మురిసిపోతున్నాడు.

"ఇది చేసేది మీరా! మీ వల్ల ఈ కంప్యూటర్లన్నీ పోయేలా ఉన్నాయండీ!"

"చిన్నవి కనబడవమ్మా. నాకు తెలిసింది ఇదొక్కటే."

"కనబడకపోతే ఇంట్లో కూర్చోవాలి గానీ, నలుగురూ వాడేదాన్ని పాడుచేస్తారా?"

ఆయన తలవంచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

తెర కూడా మళ్ళీ మొరాయించలేదు. పెద్దసారు మెచ్చుకున్నాడు, కంప్యూటర్లు నిలిచాయి. తను అన్న మాట మాత్రం ఆమెను ముల్లులా గుచ్చుతూనే ఉంది.

కొన్నాళ్ళకు పెద్దాయన కూతురు ఒక పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది.

"నాన్నగారు ఎలా ఉన్నారండీ?"

"నిన్ననే కంటి ఆపరేషన్ అయింది. చూపు బాగా వస్తుందన్నారు."

లైబ్రేరియన్‌కు ప్రాణం లేచొచ్చింది.

"తప్పకుండా రమ్మనండి. రిజల్యూషన్ జోలికి పోకుండానే అక్షరాలు పెద్దవి చేసుకునే ఏర్పాటు చేశాను. ఎంతసేపైనా చదువుకోవచ్చు."

"ఆయన వచ్చేది చదువుకోవడానికి కాదండీ," కూతురు నవ్వింది. "మీ కంప్యూటర్లలో కనిపించే తెలుగు ఫాంటు కోసం అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా కాగితం మీద గీసిచ్చింది మా నాన్నే."