గుమ్మం ముందు గొయ్యి

ఐర్లండులోని కెర్రీ కొండల్లో, దొరకు కౌలు కట్టినవాళ్ల గుమ్మం ముందు రాత్రికి రాత్రి సమాధి గొయ్యి వెలుస్తుంది. కౌలు కట్టొద్దని కట్టుబాటు పెట్టిన ముఠా బెదిరింపు అది. హనోరా నిన్ననే కట్టింది. ఇవాళ చీకటి పడగానే బయట పార చప్పుడు మొదలైంది.

లాంతరు పట్టుకుని తలుపు తీసింది. నడుములోతు గొయ్యి. మనిషి జాడ లేదు.

"ముఖాన మసి పూసుకుని దాక్కోవడం కాదురా, ఎదురుగా రండి! కట్టకపోతే నా పిల్లలు వీధిన పడరూ?" అని అరిచి, తన పారతో మట్టంతా లోపలికి తోసి పూడ్చేసింది.

తిరిగొచ్చి గడియ పెట్టిందో లేదో మళ్లీ పార చప్పుడు. ఈసారి పొయ్యి కిందనుంచి. మధ్యమధ్యలో దగ్గు. ఊళ్లో ఇలాంటి గోతులెన్నో తవ్విన తన మొగుడిదే ఆ దగ్గు. అతను పోయి ఏడాదైంది.

హనోరా పార బిగించి పట్టుకుంది.

"తవ్వు కోర్మాక్, తవ్వు. ఒకసారి నీ మీద మట్టి పోసినదాన్ని, మళ్లీ పొయ్యలేనా?"