తాత ఉండగా గైడ్ ఎందుకు

ఇటు దగ్గరికి జరగండి, ఆ పీట కూడా లాక్కోండి. చిన్న కథే గానీ, మధ్యలో లేచిపోతే మీకు దక్కేది ఏమీ ఉండదు.

చొప్పదండిలో ఆ ఆదివారం పొద్దున లచ్చయ్య సర్వపిండి ముక్క నోట్లో పెట్టుకున్నాడో లేదో, పదేళ్ల మనవరాలు నవ్యశ్రీ ఒక మాట అన్నది. ముక్క ఆయన బుగ్గలోనే ఆగిపోయింది.

"గైడ్ ఎందుకు మమ్మీ? తాత పన్నెండేండ్లు దుబాయిల ఉన్నడు గదా. తాతనే అన్ని చూపిస్తడు."

దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఐదు రోజులు దుబాయి చూసి రావాలని కొడుకు శ్యాంసుందర్ నిశ్చయం చేశాడు. మోటార్లు వైండింగ్ చేసే దుకాణానికి అన్ని రోజులు తాళం వేయడం పెళ్లయ్యాక అతనికి ఇదే మొదటిసారి. కోడలు పద్మలత నట్టింట్లో కూర్చుని ఏ రోజు ఏం చూడాలో సర్దుతున్నది. పిల్లలు ఎండకు ఆగరు కాబట్టి చేపల అద్దాల గదులూ మంచు ఇల్లూ పగటికి, సముద్రం సాయంత్రానికి. ఆరేళ్ల చింటూకు మధ్యాహ్నం నిద్ర ఉండాలి, పెరుగన్నం దొరకాలి. లచ్చయ్య భార్య కిష్టవ్వ పెట్టిన షరతు ఒక్కటే, సద్దుల బతుకమ్మ నాటికి ఇంట్లో ఉండాలని. టికెట్లు చేసే కరీంనగర్ ఆయన ఫోన్లోనే ఉన్నాడు, గైడ్ కావాలా వద్దా అని అడుగుతున్నాడు.

శ్యాంసుందర్ తండ్రి వైపు తిరిగి, ఆయన కట్టానని చెప్పే ఆ ఎత్తు మేడ హోటల్ నుంచి ఎంత దూరమని అడిగాడు.

"ఉంటది జర దూరం," అన్నాడు లచ్చయ్య.

"సముద్రం ఏ దిక్కు తాతా?"

"సముద్రానికి దిక్కేంది బిడ్డా. అన్ని దిక్కుల ఉంటది."

ఆ మేడను తన చేతులతోనే కట్టానని, యాభయ్యో అంతస్తు మీద సద్ది విప్పితే మబ్బు తగిలి అన్నం తడిసేదని పిల్లలకు ఆయన చెప్పని రోజు లేదు. చింటూ బళ్లో దాన్ని "మా తాత మేడ" అనే అంటాడు. ఆయనకు అటొకరూ ఇటొకరూ పడుకునే ఆ పిల్లలు, నిద్రలో తాత "తాల్, తాల్" అని ఎవరిని పిలుస్తాడని ఒకసారి అడిగారు కూడా. పని మీద మేస్త్రీలను పిలిచే మాట అని చెప్పాడు. ఇప్పుడు ఆ మేడ ముందు నిలబెడితే తలుపు ఎటు ఉందో కూడా ఆయనకు తెలియదు. పిల్లల ముందు పరువు పోతుందన్న భయం పట్టుకుంది.

"నాకు మోకాళ్లు గుంజుతున్నయి. మీరు పోయి రాండ్రి," అన్నాడు.

నిన్ననే పొలం దాకా నడిచి వచ్చిన మనిషి. పద్మలత నమ్మలేదు, మామ అట్లా ఎందుకంటున్నాడో అర్థమూ కాలేదు. చింటూ నేల మీద వెల్లకిలా పడుకుని, తాత రాకుంటే నేనూ రాను అని ఏడుస్తూ కాళ్లు కొట్టుకున్నాడు. నవ్యశ్రీ కూడా వాడి పక్కన చతికిలబడింది. శ్యాంసుందర్ తండ్రి ముఖం చూశాడు. తర్వాత ఫోన్ అందుకున్నాడు.

"అన్నా, బాపు రానంటుండు. ఇగ ఎవ్వరం పోము, ఆరు టికెట్లు క్యాన్సిల్ చెయ్యి."

చింటూ బిత్తరపోయి ఏడుపు ఆపేశాడు. ఆ ఏడుపు ఆగడమే లచ్చయ్య తట్టుకోలేకపోయాడు.

"ఆగురా," అన్నాడు. "నేను ఆ ఊరు చూడలే. ఏజెంటు బిల్డింగు పని అని తోలుకపోయి ఎడారిల దించిండు. పన్నెండేండ్లు మేకలు కాసిన. ఆ మేడలన్ని పొయ్యేటప్పుడు, వచ్చేటప్పుడు ఇమానం కిడికీలకెల్లి చూసినయే. తాల్ అంటే రా అని. మేకలు తప్ప నాతోని మాట్లాడెటోళ్లు లేకుండె ఆడ."

ఫోన్లో కరీంనగర్ ఆయన దగ్గు ఒక్కటే వినిపించింది. లచ్చయ్య పళ్లెం వైపే చూస్తూ కూర్చున్నాడు, ఎవరు ముందు నవ్వుతారో అని.

మూలన చింతపండు గింజలు తీస్తున్న కిష్టవ్వ తల ఎత్తలేదు.

"బరువు దిగిందా ఇగ?" అన్నది.

"దిగింది," అన్నాడు లచ్చయ్య. అప్పటిదాకా బుగ్గలోనే ఉన్న సర్వపిండి ముక్కను నమిలి మింగాడు.

ఇంతలో నవ్యశ్రీ లేచి గదిలోకి పోయింది. ఏడవడానికి పోయిందనుకుని ముసలాయన మళ్లీ దిగులుపడ్డాడు. ఆ పిల్ల నాలుగు మడతలు పెట్టిన డ్రాయింగ్ కాగితం తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"మేకల సంగతి నానమ్మ చెప్తే పోయిన వారమే రాసినం తాతా. నువ్వు నీ నోటితోని చెప్పేదాంక చూపియ్యద్దన్నది."

చింటూ పరుగెత్తి కళ్లద్దాలు తెచ్చాడు. లచ్చయ్య చదివాడు. అద్దాలు తీసి, అంగీ అంచుతో తుడిచి, మళ్లీ చదివాడు. కొడుకు వైపు తిరిగి గట్టిగానే అన్నాడు.

"ఫోన్ల ఉన్నాయనకు చెప్పు. గైడ్ వద్దు."

ఇదీ కథ, ఇక మీ చేతుల్లో పెట్టాను. మరచిపోకుండా ఇంకో నలుగురికి చెప్పండి. పేర్లు తారుమారైనా పర్వాలేదు, ఆ కాగితం మీద పెన్సిల్‌తో రాసి ఉన్న మొదటి వరుస మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి:

"ఒకటో రోజు – తాత మేకలు కాసిన జాగ. గైడ్ – లచ్చయ్య తాత."