తగలని గ్లాసులు

ఓహ్రిడ్ సరస్సులో సూర్యుడు మునిగేదాకా అత్తగారు ట్రాయాంక పల్లెత్తు మాట అనలేదు. మూడేళ్లుగా దెస్పినాను గడప తొక్కనివ్వని మనిషి, కోడలి పుట్టినరోజని నీళ్ల మీద కట్టిన ఈ రెస్టారెంటుకు తానే పిలిచింది. ఇకనైనా తనను కలుపుకుంటారని దెస్పినా ఆశపడింది.

"ముల్లు చూసుకో అమ్మాయ్. కొండ మీద పిల్లవి, చేప తినడమూ రాదు, ఈతా రాదు," అన్నాడు మామగారు. భర్త మెతోడీ తప్ప అందరూ నవ్వారు.

వెలుగు పోయింది. చుట్టూ బల్లలు ఖాళీ అయ్యాయి. చెక్క నేల కింద నీళ్లు మెల్లగా కొట్టుకుంటున్నాయి.

అత్తగారు వైన్ గ్లాసు ఎత్తింది. దెస్పినా నవ్వుతూ తన గ్లాసు చాచింది. ఎవరూ తాకించలేదు. మెతోడీ అయితే గ్లాసు వెనక్కి లాక్కున్నాడు.

తాకించకుండా తాగేది చనిపోయినవాళ్ల పేరు మీదే.

అత్తగారు దెస్పినా పాదాల దగ్గర మూడు చుక్కలు ఒలికించింది. "పాపం, దేవుడు ఆ పిల్లని క్షమించాలి," అంది, పోయినవాళ్లను తలచుకునే మాటతో.

"ఏ పిల్లని, అత్తయ్యా?"

వాళ్లు వచ్చింది కారులో. అయినా నీళ్లలోకి దిగే మెట్ల కింద పడవ మోటారు చప్పుడు మొదలైంది.

"పద," అన్నాడు మెతోడీ, ఆమె ముఖం చూడకుండా. "ముందు నువ్వెక్కు."