పొగమంచులో డబ్బా చప్పుడు

"మళ్లీ మొదలెట్టింది!" అన్నాడు పళ్ల డాక్టరు, కళ్లకు ఆనించిన బైనాక్యులర్ దించకుండానే.

నది ఒడ్డున రేకు డబ్బా మోగుతోంది. చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

పొగమంచులోంచి దిగుతున్న పెద్ద కొంగల బారు ఒక్కసారిగా పైకి లేచింది. ఇసుక దిబ్బ మీద వాలకుండానే నది దాటి వెళ్లిపోయింది.

వానలు వెనకబట్టాక ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో వచ్చే కొంగలవి. ఏడాదంతా జనం నోళ్లలోకి తొంగిచూసి విసిగిపోయే డాక్టరుకు బతుకులో ఉన్న సరదా ఇదొక్కటే. ఈసారైనా అవి ఆ దిబ్బ మీద వాలితే కళ్లారా చూడాలని కాచుక్కూర్చున్నాడు.

పక్కనే ఫ్లాస్కులోంచి టీ వంచుతున్న తోడల్లుడు నవ్వాడు.

"నీ కొంగలకి బ్యాండుమేళం పెట్టి మరీ సాగనంపుతోంది అన్నయ్యా!"

"నవ్వకు. పానకంలో పుడకలా తయారైంది."

ఆవిడెవరో ఎవరికీ తెలియదు. మామూలు రోజుల్లో కనబడదు. మంచు పట్టిన పొద్దున మాత్రం తలకు మఫ్లరు చుట్టుకుని, ఖాళీ నూనె డబ్బా, ఇనప గరిట పట్టుకుని హాజరు. పక్షులు చూడ్డానికి వచ్చే క్లబ్బు వాళ్లంతా డబ్బా పిన్ని అని పేరు పెట్టేశారు.

డాక్టరు విసవిసా ఒడ్డుకు దిగాడు.

"ఏవమ్మా, పొద్దున్నే మీకేం పనీ పాటా లేదా?"

"పక్షుల కోసమేనండీ." ఆవిడ డాక్టరు వైపు చూడలేదు. మంచులో పైకెక్కడో చూస్తోంది. "వాటిని కాస్త పైకి..."

"పక్షుల గురించి మీరు నాకు చెప్పక్కర్లేదు!"

"ఇంకొన్నాళ్లు ఓర్చుకోండి. ఆ పని కాస్తా అయిపోతే మీరు రమ్మన్నా రాను."

"ఏ పని? వచ్చిన కొంగల్నల్లా తరిమేసే పనా?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. డాక్టరు అప్పటికే వెనక్కి తిరిగాడు. అవతలివాళ్ల మాట పూర్తిగా వినే అలవాటు ఆయనకు లేదు. ఆయన దగ్గరికొచ్చేవాళ్లు నోరు తెరుస్తారే గానీ మాట్లాడలేరు కదా!

ఆ సాయంత్రం క్లబ్బు వాళ్లకు ఫోటోలు పంపడానికి కూర్చున్నాడు.

"పైన ఆ నల్ల గీతేంటన్నయ్యా?"

"కరెంటు తీగ. మొన్న వేసవిలో లాగారు. ప్రతి ఫోటోలోనూ అడ్డం పడి చస్తోంది."

ఎప్పటిలాగే ఫోటో పైభాగం కత్తిరించేశాడు. తీగ పోయింది. ఆకాశం శుభ్రంగా ఉంది.

తర్వాత ఒడ్డుకు వెళ్లే దారిలో ఉన్న క్లబ్బు గేటు వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు.

"ఇక మీదట ఆ డబ్బావిడని ఒడ్డుకు రానివ్వకు. నేను చెప్పానని చెప్పు."

మరో పొద్దున మళ్లీ మంచు పట్టింది. పక్కనున్న మనిషి కూడా మసక మసకగా కనబడుతున్నాడు.

ఒడ్డంతా నిశ్శబ్దం. దూరంగా గేటు అవతల మాత్రం డబ్బా చప్పుడు సన్నగా వినబడుతోంది.

"పాపం, రోడ్డు మీదే కచేరీ పెట్టినట్టుంది" అన్నాడు తోడల్లుడు.

"పెట్టుకోనీ. అక్కణ్నుంచి కొంగలకేం వినబడదు."

కొంగల కూతలు దగ్గరయ్యాయి. కిందికి, ఇంకా కిందికి. డాక్టరు ఊపిరి బిగబట్టాడు. ఈసారి వాలతాయి!

పైన ఏదో జివ్వుమని మోగింది. ఇసుక మీద బరువుగా ఏదో పడింది. మళ్లీ మోగింది. మళ్లీ పడింది.

మంచు విడేసరికి కొంగలు దిబ్బ మీదే ఉన్నాయి. కొన్ని విరిగిన రెక్కలతో కొట్టుకుంటున్నాయి. కొన్నింట్లో ఆ కదలిక కూడా లేదు.

డాక్టరు బైనాక్యులర్ తీసేసి ఉత్తి కళ్లతో పైకి చూశాడు. ఇన్నాళ్లూ తాను కత్తిరించి పారేసిన గీత, సరిగ్గా దిబ్బ మీదుగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వేలాడుతోంది.

గేటు దాకా పరుగెత్తాడు. ఆవిడ లేదు. సొట్టలు పడ్డ డబ్బా, గరిట గోడ పక్కన ఉన్నాయి.

ఆ తర్వాత మంచు పట్టిన ప్రతి పొద్దునా డాక్టరే ఆ డబ్బా వాయించాడు. తోడల్లుడు నవ్వలేదు.

కొన్నాళ్లకు కరెంటు ఆఫీసు నుంచి పనివాళ్లు దిగారు. లారీ నిండా నారింజ రంగు పెద్ద పెద్ద బంతులు.

"ఇవి తీగకు తగిలిస్తే మంచులో కూడా పక్షుల కంటికి ఆనుతాయండీ" అన్నాడు మేస్త్రీ. "వీటి కోసం మా ఇంజనీరమ్మ రిటైరయ్యాక కూడా ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు."

డాక్టరు మేస్త్రీ దగ్గరికి వచ్చాడు.

"తలకు మఫ్లరు కట్టుకుంటారే... ఆవిడేనా?"

"ఆవిడే. మీకు తెలుసా?"

"తెలుసుకోలేదయ్యా. ఎక్కడుంటారు? కాళ్ల మీద పడైనా క్షమించమనాలి."

"ఊళ్లో లేరండీ. కొంగలు చచ్చిన మర్నాడే ఇల్లు ఖాళీ చేసి, చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. వాటిని నేనే చంపానని ఒకటే ఏడుపు."

"ఆవిడ చంపడమేంటి! గేటు మూయించింది నేను. ఆవిడ తప్పేముంది ఇందులో?"

మేస్త్రీ బంతిని భుజానికెత్తుకుని తీగ వైపు చూశాడు.

"వంతెన పక్కనుంచి వెళ్లాల్సిన ఈ తీగని, దూరం కలిసొస్తుందని, ప్లానులో దిబ్బ మీదుగా గీసింది ఆవిడేనండీ."