మడమ కింద ఖాళీ

“మనిషి ఒంట్లో ఎన్ని ఎముకలు?” అడిగింది టీచర్ మార్గరెట్.

“రెండువందల ఆరు మేడమ్!”

నిఖిల అక్కడితో ఆగలేదు. పుర్రె దగ్గర మొదలుపెట్టి కాలి బొటనవేలిదాకా పేర్లన్నీ వరసగా అప్పజెప్పింది. చర్మానికి ఎన్ని పొరలో, ఏ పొర ఏం చేస్తుందో అడక్కపోయినా చెప్పింది. ఇంటర్మీడియట్ రోజుల నుంచీ బట్టీ పట్టడంలో ఆమెను కొట్టినవాళ్ళు లేరు.

మార్గరెట్ ఓపిగ్గా అంతా విని, నిఖిల మంచంమీద పడుకోబెట్టిన బొమ్మ పేషెంటు మడమ కిందికి వేళ్ళు పోనివ్వబోయింది.

వేళ్ళు దూరలేదు.

“ఫెయిల్,” అంది.

టొరంటోలోని ఆ కాలేజీలో ఆ ఏడు ఏ క్లాసులో చూసినా సగం మంది మనవాళ్ళే. ఖమ్మం నుంచి వచ్చిన నిఖిల పర్సనల్ సపోర్ట్ వర్కర్ కోర్సులో చేరింది. మంచం పట్టినవాళ్ళను చూసుకునే పని నేర్పుతారు. వాళ్ళ ఒంటిమీద పుండ్లు పడకుండా పడుకోబెట్టడమే ఈ ప్రాక్టికల్. శుక్రవారం ఇంకొక్క ఛాన్స్ ఇస్తారు. అదీ పోతే కోర్సు పోతుంది, దాంతోపాటు స్టడీ పర్మిటూ గండంలో పడుతుంది.

‘పాసవ్వకుండా ఈ గదిలోంచి కదిలేది లేదు,’ అనుకుంది నిఖిల.

ల్యాబ్ గోడమీద ఒక పెద్ద ఫోటో ఉంది. మంచంమీద చాచిన రెండు కాళ్ళు. పిక్కల కింద ఆకుపచ్చ గుడ్డ చుట్ట, దానికి ఎర్రటి గళ్ళ అంచు. ముఖం లేదు, పేరు లేదు.

మార్గరెట్ ప్రతి బ్యాచ్‌కీ దాన్ని చూపిస్తుంది.

“ఈయన పదకొండేళ్ళు ఇంట్లో మంచంమీదే ఉన్నాడు. ఒక్క పుండు పడలేదు. చూసుకున్నది ఒకే ఒక్క మనిషి. వాళ్ళింటికి వెళ్ళొచ్చే నర్సు ఈ ఫోటో పంపింది, పేర్లు మాత్రం చెప్పలేదు. ఆ చేతులెవరివో తెలిస్తే ఈ క్లాసు వాళ్ళకే అప్పగించి నేను బెంచీలో కూర్చుందును.”

క్లాసు అయిపోయింది. నిఖిల, పక్క బెంచీ స్పందన బ్యాగులు సర్దుకుంటుంటే నేల తుడుస్తున్నావిడ ఆగింది. అరవై దాటిన మనిషి.

“అమ్మాయ్, మనవాళ్ళేనా?”

నిఖిల ఇంగ్లీషులో “సారీ?” అంది.

“చర్మానికి నీ ఎముకల పేర్లు తెలీవమ్మా. ఎక్కడ నొక్కుకుంటోందో అదొక్కటే దానికి తెలుసు.”

నిఖిలకు ఒళ్ళు మండింది. “ఆంటీ, ప్లీజ్. మీ పని మీరు చూసుకోండి.”

“సరేలే. ఒక్కసారి నువ్వే ఆ మంచమెక్కి, కదలకుండా పడుకుని చూడు.”

ఆవిడ బకెట్ లాక్కుంటూ వెళ్ళిపోయింది.

“నీకు తెలుసా ఆవిడ?” అడిగింది స్పందన.

“ఛ! నాకెట్ల తెలుస్తది?”

బుధవారం మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉంది. నిఖిల అటూ ఇటూ చూసి మంచమెక్కి పడుకుంది.

పది నిమిషాలు హాయిగానే ఉంది. ఆ తర్వాత బట్టీ పట్టిన పేర్లన్నీ ఒక్కొక్కటే నొప్పిగా పలకడం మొదలుపెట్టాయి. తల వెనక, మోచేతులు, నడుం కింద. అయినా పళ్ళు బిగించి కదలకుండా పడుకుంది.

“ఎక్కడ ఎక్కువ?” గుమ్మంలో ఆవిడ.

“మడమలు. మండుతున్నయ్ ఆంటీ.”

“దిండెక్కడ పెడతావ్ మరి?”

“మడమ కింద.”

“అక్కడే పప్పులో కాలేశావ్. పిక్క కింద పెట్టు. మడమకి గాలి తగలాలి, కింద కాగితం అటునుంచి ఇటు రావాలి.” ఆవిడ దిండు జరిపింది. ప్రాణం లేచొచ్చినట్టయింది నిఖిలకు. “పక్కకి తిప్పేటప్పుడు లాక్కూడదు. లాగితే పైకి కనపడదు గానీ చర్మం లోపల్లోపలే చిరుగుతుంది. ఎత్తి తిప్పు. రెండు గంటలకోసారి. నిద్రొచ్చినా సరే, ఏడుపొచ్చినా సరే.”

“మీకెట్ల తెలుసు ఇవన్నీ?”

“చేస్తుంటే తెలుస్తాయమ్మా.”

ఇంకేదో అడగబోయింది. ఇంతలో వరండాలో క్లాసువాళ్ళ నవ్వులు వినిపించాయి. నిఖిల గబుక్కున మంచం దిగి, ఆవిడెవరో తెలియనట్టు ఫోన్‌లో తలదూర్చింది.

ఆవిడ మాప్ అందుకుంది.

శుక్రవారం నిఖిల ఒక్క ఎముక పేరు కూడా చెప్పలేదు. బొమ్మను ఎత్తి తిప్పింది. పిక్కల కింద దిండు పెట్టింది. మడమ కిందనుంచి మార్గరెట్ అరచెయ్యి అడ్డం లేకుండా ఇవతలికి వచ్చింది.

“పాస్. ఎవరు నేర్పారు?”

“నేనే ప్రాక్టీస్ చేశా మేడమ్.”

ఆ అబద్ధం శని, ఆదివారాలు నిఖిలను వదల్లేదు. సోమవారం పొద్దున్నే స్వీట్ల డబ్బా పట్టుకుని వెళ్ళింది. నేల ఎవరో కొత్తతను తుడుస్తున్నాడు.

ల్యాబ్ తుడిచే ఆవిడ ఎక్కడని క్లీనింగ్ సూపర్‌వైజర్ కోదండరామ్‌గారిని అడిగింది.

“హైమావతిగారా? మొన్న శుక్రవారమే ఆఖరి రోజమ్మా. భర్త పోయాక ఒంటరిగా ఉండలేక, మాంట్రియల్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. నంబరు కూడా ఇవ్వలేదు. ‘ఎముకల పేర్లు చెప్పే పిల్ల వస్తే ఇవ్వండి’ అని ఈ కవర్ ఇచ్చారు.”

నిఖిల కవర్ విప్పింది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నేతచీర, చుట్టగా చుట్టి ఉంది. ఆకుపచ్చ చీర. ఎర్రటి గళ్ళ అంచు.

పరుగున ల్యాబ్‌లోకి వెళ్ళింది. క్లాసంతా చూస్తుండగా చీరను గోడమీది ఫోటో పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుని, మార్కర్ తీసి ఫోటో కింద పెద్ద తెలుగక్షరాలతో ‘హైమావతిగారు’ అని రాసింది.

“అది పేరా? ఎవరిది?” అడిగింది మార్గరెట్.

“మొన్న శుక్రవారం దాకా మన గది తుడిచినావిడది మేడమ్.”