నలుసు

"బంద్ చెయ్యి! మిషన్ బంద్ చెయ్యి!"

అని అరుస్తూనే సాల్మన్ ఒక్క ఉరుకున వెళ్ళి తనే స్విచ్ కట్టేశాడు. గ్రైండర్ డిస్కు ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది. హనుమండ్లు రెండు చేతులతో కుడి కన్ను మూసుకుని నేలమీద కూలబడ్డాడు.

"రవ్వ పడ్డదన్నా. కన్ను తెరువొస్తలేదు."

"చెయ్యి పెట్టి నలుపకు. లే, దవఖానకు పోదాం."

"ఎక్కడికయ్యా పోయేది?" కుర్చీలోంచే అడిగాడు దయాకర్‌రావు. వర్క్‌షాపు ఆయనది. ఆదిలాబాద్‌లో పత్తి సీజన్ నడుస్తోంది. జిన్నింగ్ మిల్లు షాఫ్టు విరిగి పొద్దున్నే వచ్చింది. అతుకు పడింది, ఆ అతుకు మీది గరుకు అరగదీసి మధ్యాహ్నానికల్లా పంపాలి. అందుకే ఆయన పొద్దుటి నుంచీ అక్కడి నుంచి కదల్లేదు. "దవఖానకు పోయొచ్చేసరికి పొద్దుగూకుతది. సత్తవ్వను పిలువుండ్రి. నిమిషంల తీస్తది."

"ఇనుప రవ్వ సార్," అన్నాడు సాల్మన్. "లోపలికి గుచ్చుకుంటే కన్నే పోతది."

"ఇన్నేండ్లల్ల ఎవని కన్ను పోయిందో చెప్పు?"

"రవ్వలకు అడ్డముండే గార్డు ఊడదీసి పెద్ద డిస్కు బిగిస్తిరి. పోనీ కండ్లకు అద్దాలన్న ఇయ్యమంటే ఇయ్యరైతిరి."

"అద్దాలు లేవా? బీరువల ఉన్నయి గద!"

ఉన్నాయి. రెండు జతలు, కవరు కూడా చింపకుండా ఉన్నాయి. తనిఖీకి ఆఫీసరు వచ్చిన రోజు బయటికి వస్తాయి, ఆయన జీపు ఎక్కగానే మళ్ళీ బీరువాలోకి పోతాయి. వాటి మీద ఉన్న శ్రద్ధ ఆ షెడ్డులో ఒక్కరి కంటి మీదా లేదు. నిజం చెప్పాలంటే పనివాళ్ళూ ఏనాడూ పట్టుబట్టి అడగలేదు. సత్తవ్వ ఉంది కదా అని ధీమా. ఆ చుట్టుపక్కల ఎవరి కంట్లో నలుసు పడ్డా తీసేది ఆమే. సాల్మన్ ఎడమ కంట్లోదీ రెండేళ్ళ కింద ఆమే తీసింది. అప్పటి నుంచి ఆ కన్ను కాస్త మసకే. వయసు మీద పడుతోంది కదా అని సరిపెట్టుకున్నాడు.

సత్తవ్వ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. ముసలామె ఉండేది షెడ్డు వెనక గదిలోనే. అదీ దయాకర్‌రావు ఉండనిచ్చిన గదే.

"ఏ కన్ను బిడ్డా?"

"కుడి కన్నవ్వా."

ఆమె వేళ్ళతో అతని ముఖమంతా తడిమింది. పై రెప్ప మడిచింది. కొంగు కొస సన్నగా మెలిపెట్టి కంట్లో రెండుసార్లు తిప్పింది. హనుమండ్లు పళ్ళు బిగబట్టి మూలిగాడు.

"వచ్చింది," అని సత్తవ్వ అరచెయ్యి చాపింది. ఆవగింజలో సగమంత ఇనుప ముక్క. చుట్టూ నిలబడ్డవాళ్ళందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"చూసినవా?" దయాకర్‌రావు సాల్మన్ వైపు చూసి నవ్వాడు. "ఉత్తగనే అందర్ని పరేషాన్ చేస్తవు నువ్వు."

"ఇంక గుచ్చుతున్నట్టే ఉన్నదవ్వా," అన్నాడు హనుమండ్లు.

"గీరుకపోయింది బిడ్డా. తెల్లారితే తగ్గుతది." చెయ్యి దులుపుకుని వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయింది.

దులిపిన ముక్క సాల్మన్ పనిబల్ల మీద పడింది. ఊరికే వేలికి అద్దుకుని వెలుతురులో చూశాడు. ఎర్రగా ఉంది. గోటితో గీకితే పొడి రాలింది.

తుప్పు.

పావుగంట కింద ఎగిరిన రవ్వకు తుప్పు ఎక్కడిది? ఇరవై ఏళ్ళుగా ఇనుముతో బతుకుతున్నవాడు. అప్పుడే రాలిన రజను నల్లగా ఉంటుందని కళ్ళు మూసుకునైనా చెప్పగలడు. ఈ మాట ఇక్కడ అంటే నవ్వుతారు. ముందు ఆమెనే అడగాలని బయటికి పరుగెత్తాడు.

"అవ్వా, ఆగు. గిది హనుమండ్లు కంట్లది కాదు. తుప్పు పట్టి ఉన్నది. ఏడికెళ్ళి తెచ్చినవు?"

సత్తవ్వ నిలబడిపోయింది. తర్వాత కొంగు ముడి విప్పి చిన్న కాగితం పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. నిండా అలాంటి ముక్కలే, ఎర్రగా తుప్పు పట్టినవి.

"నా కండ్లు ఆనుతలేవు బిడ్డా. మూడేండ్లాయె. మనుషుల మొఖాలే ఆనుతలేవు, గంత సన్న నలుసు ఏం ఆనుతది?"

మూడేళ్ళు. సాల్మన్ చెయ్యి తెలియకుండానే తన ఎడమ కంటి మీదికి వెళ్ళింది.

"నీకు పానం ఎట్ల ఒప్పిందవ్వా? కండ్లు ఆనుతలేవని ఒక్క మాట చెప్పకపోతివి! చెప్తే మేం దవఖానకన్న పోదుము గద!"

షెడ్డులో గ్రైండర్ మళ్ళీ మోగింది. హనుమండ్లు పనిలో దిగాడు. ఆ చప్పుడుకు సత్తవ్వ తల వంచుకుంది.

"చెప్పిన బిడ్డా. ఇగ నాతోని కాదని సారుకు అప్పుడే చెప్పిన. 'నువ్వు తీసినట్టు చూపియ్యి, ఆల్లు ఫికర్ లేకుంట పని చేసుకుంటరు' అని, గీ పొట్లం సారే కట్టిచ్చిండు."